జపాన్, జర్మనీ, అమెరికా, గల్ఫ్: విశాఖ ఉద్యోగికి ఏ దేశపు ఆఫీసు నప్పుతుంది?

రెండు మూడు అవకాశాలు ఒకేసారి చేతికొస్తే జీతం, వీసా, షిఫ్టు చూసుకుని తేల్చేయడం మామూలు. రుషికొండలో జపాన్ క్లయింటు టీమా, అమెరికా క్లయింటు టీమా అన్నా ఇంతే. పరవాడ ఫార్మా సిటీలో ఉన్న పని వదిలి జర్మనీ వెళ్లాలా అన్నా, గాజువాక నుంచి వెల్డర్‌గా అబుదాబి వెళ్లాలా అన్నా ఇంతే. ఆర్నెల్లు తిరిగేసరికి నిద్ర పట్టనివ్వనిది మాత్రం జీతం కాదు, పై అధికారితో మాట కుదరకపోవడం.

విదేశీ ఆఫీసు మర్యాదలంటే ఎంత వంగి నమస్కరించాలి, కార్డు ఏ చేత్తో ఇవ్వాలి అని చెబుతుంటారు. అవి ఒక పూటలో వచ్చేస్తాయి. అంత తొందరగా రానిది ఒకటుంది: అనుకున్న రోజుకి పని కాదని తెలిశాక ఆ మాట ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలన్నది. "చూద్దాం సార్, అయిపోతుంది" అంటూ ఆఖరి రోజు దాకా లాగడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఈ ఒక్క అలవాటు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా దెబ్బకొడుతుంది. అందుకే చెడ్డ కబురు ఏ పద్ధతిలో చెప్పడం మీ వల్ల అవుతుందో చూసుకుని దేశాన్ని ఎంచుకోమని మా సలహా. జీతంలో పది శాతం తేడా దీని ముందు చిన్నది.

ఒకే ఆలస్యం, నాలుగు కబుర్లు

శుక్రవారం ఇవ్వాల్సిన సాఫ్ట్‌వేర్ భాగం ఒకటుంది. బుధవారం ఉదయం 11 గంటలకి చెల్లింపుల టెస్టింగ్‌లో 12 కేసుల్లో 3 తప్పాయి. మంగళవారం కన్నా ముందు సరికాదని మీకు అనిపిస్తోంది.

జపాన్ వాళ్లకైతే ఆ గంటలోనే రాయాలి. కారణం తెలియకపోయినా, పరిష్కారం దొరక్కపోయినా సరే. "చెల్లింపుల పరీక్షలో 12కి 3 తప్పాయి. కారణం వెతుకుతున్నాం. శుక్రవారం గడువుకి ఇబ్బంది రావచ్చు, క్షమించండి. మీ టైము సాయంత్రం 5 గంటలకల్లా మళ్లీ రాస్తాం." అప్పటికి అంతే చాలు. ఆ 5 గంటలకి (మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర) కొత్త సంగతి ఏమీ లేకపోయినా రాసి తీరాలి. పని ముగిశాక నాలుగు అంశాలతో ఒక నివేదిక పంపాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం చేశాం, మళ్లీ జరగకుండా ఏం మార్చాం. నాలుగోది లేకపోతే నివేదిక వెనక్కి వస్తుంది.

జర్మనీ వాళ్లకి పూర్తి సమాచారంతో ఒకే మెయిల్. ఏది తప్పింది, కారణం ఏమిటి, శుక్రవారం ఏ భాగం ఇవ్వగలరు, మిగతాది ఏ రోజు ఏ గంటకి. క్షమాపణ ఒక్క వాక్యం మించకూడదు. "మంగళవారం 14:00" అని రాశారంటే అది మాట ఇచ్చినట్టే. అనుమానం ఉంటే బుధవారం అని రాసి బుధవారమే ఇవ్వండి. రెండోసారి తేదీ మార్చడం మొదటి ఆలస్యం కన్నా పెద్ద తప్పు.

అమెరికా వాళ్లకి సమస్యతోపాటు దారులు కూడా చూపించాలి. "చెల్లింపులు లేకుండా శుక్రవారం విడుదల చేయొచ్చు, లేదా మొత్తం కలిపి మంగళవారం ఇవ్వొచ్చు. మొదటిదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మిగతా భాగాల మీద మీ వాళ్లు శిక్షణ మొదలుపెట్టుకోవచ్చు." సమస్య ఒక్కటే చెప్పి ఊరుకుంటే బాధ్యత వాళ్ల నెత్తిన పెట్టినట్టు చూస్తారు.

గల్ఫ్‌లో ముందు ఫోన్. కుశలం అడిగి, ఒకటి రెండు మాటలయ్యాక విషయం చెప్పి, ఆ వెంటనే వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి. పదిమంది ఉన్న గ్రూపులో ముందుగా పెట్టకూడదు. తన కింది వాళ్ల ముందు ఆ కబురు విన్న మేనేజరు సమస్యని మర్చిపోయి మీ మీద కోపం పెట్టుకుంటాడు.

ఈ నాలుగింటిలో మీకు తేలిగ్గా వచ్చే పద్ధతి ఏదో నిజాయితీగా చూసుకోండి. ఇక ఒక్కో దేశం గురించి వివరంగా.

జపాన్

నిర్ణయం నెమ్మదిగా జరుగుతుంది, జరిగాక మారదు. మీటింగ్ అన్నది ముందే కుదిరిన మాటని అందరి ముందూ ఖాయం చేసుకునే చోటు. అందుకని మీ ప్రతిపాదనని మీటింగ్‌కి రెండు మూడు రోజుల ముందే సంబంధించిన ఒక్కొక్కరికీ విడిగా చూపించి, అభ్యంతరాలు విని, సవరించుకుని తేవాలి. మీటింగ్‌లో హఠాత్తుగా కొత్త అభ్యంతరం లేవనెత్తితే, అది ఎంత సరైనదైనా, ఎదుటివాళ్లు ఇరుకున పడతారు. మీరు మాట్లాడుతుంటే తల ఊపుతారు. వింటున్నామని దానర్థం, ఒప్పుకున్నామని కాదు. "పరిశీలిస్తాం", "కొంచెం కష్టం" అన్నారంటే దాదాపు కాదన్నట్టే. అక్కడితో ఆపి వేరే ప్రతిపాదన తయారుచేసుకోండి.

మన టీముల్లో తరచూ జరిగే పొరపాటు పరిష్కారం దొరికాక చెబుదామని ఆగడం. మనకది మర్యాదగా తోస్తుంది, వాళ్లకి దాచిపెట్టినట్టు తోస్తుంది. ఒక్కసారి అలా జరిగితే రోజుకి రెండు నివేదికలు అడగడం మొదలుపెడతారు. జపాన్ క్లయింటు ప్రతి చిన్నదీ తవ్వుతాడని మనవాళ్లు చెప్పుకునే ఫిర్యాదులో సగం ఇలా మొదలైందే. అడగకముందే చెప్పే టీమ్‌ని వాళ్లు నెలల తరబడి కదిలించరు. రొయ్యల ఎగుమతిదారులకీ ఇదే వర్తిస్తుంది. ఒక్క ప్యాకెట్‌లో తేడా వచ్చినా డబ్బు తగ్గించమని అడగడానికి ముందు కారణం రాసిమ్మంటారు. ధర తగ్గిస్తామని తొందరపడి రాస్తే అసలు ప్రశ్నని దాటేసినట్టవుతుంది.

కార్డు సంగతి: రెండు చేతులతో ఇచ్చి రెండు చేతులతో తీసుకుని, పేరు చదివి, మీటింగ్ ముగిసేదాకా బల్ల మీద మీ ముందే ఉంచండి. దాని మీద ఏమీ రాయొద్దు, వెనక జేబులో పెట్టొద్దు. గదిలో తలుపుకి దూరంగా ఉన్న కుర్చీ అతిథిది. చూపించేదాకా కూర్చోకపోవడం మంచిది.

అక్కడికే వెళ్లి పనిచేసేవాళ్లకి భాష తప్పదు. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్5 (తేలికైనది) నుంచి ఎన్1 (కష్టమైనది) దాకా మెట్లున్నాయి, ఏటా జులైలో, డిసెంబరులో జరుగుతుంది. క్లయింటుతో నేరుగా మాట్లాడే ఉద్యోగాలకి సాధారణంగా ఎన్2 అడుగుతారు. పని గంటల గురించి మన దగ్గర ఉన్న భయం పాత జపాన్‌ది. 2019 ఏప్రిల్ నుంచి ఓవర్‌టైమ్‌కి సాధారణ పరిమితి నెలకి 45 గంటలు, ఏడాదికి 360 గంటలు. ఆరు నెలలు పనిచేస్తే 10 రోజుల వేతన సెలవు వస్తుంది, అందులో 5 రోజులు వాడించాల్సిన బాధ్యత యజమానిది. అయినా టీమ్ అంతా కూర్చున్నప్పుడు ముందుగా లేవడానికి మొహమాటపడే ఆఫీసులు ఇంకా ఉన్నాయి. సాయంత్రం విందులకి వెళ్లండి. మద్యం వద్దంటే ఊలాంగ్ టీ తీసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. శాకాహారులు జాగ్రత్త: కూరగాయల సూపులోనూ చాలాసార్లు చేపతో తీసిన రసం ఉంటుంది, ముందే చెప్పాలి.

జర్మనీ

ఇక్కడ విమర్శ సూటిగా ఉంటుంది. "ఈ లెక్క తప్పు" అని పదిమందిలో అంటారు, పది నిమిషాల తర్వాత మీతోనే కాఫీ తాగుతారు. ఆ మాట లెక్కకే, మీకు కాదు. ఇది మనసుకి పట్టించుకోని మనిషైతే జర్మనీ అంత హాయైన చోటు మరోటి లేదు. పట్టించుకునే మనిషికి మొదటి ఏడాది నరకం. పొగడ్త కోసం కూడా ఎదురుచూడకండి. ఫిర్యాదు రాలేదంటే పని బాగుందన్నమాట.

పక్కలకి తల ఊపే మన అలవాటు అక్కడ పెద్ద గందరగోళం. ఔనో కాదో వాళ్లకి తెలియదు. నోటితో చెప్పండి. అన్నిటికీ "సరే" అనకండి. రెండు పనులు ఒకేసారి మీద పడితే ఏది ముందో అడగడం అక్కడ తెలివితక్కువతనం కాదు, వృత్తి ధర్మం. పది గంటల మీటింగ్‌కి తొమ్మిది యాభై ఐదుకల్లా ఉండాలి. అజెండాలో లేని విషయం తర్వాతి మీటింగ్‌కే.

చట్టం ఉద్యోగి పక్షాన గట్టిగా నిలబడుతుంది. రోజుకి 8 గంటలు, సగటు సరిపెట్టే షరతు మీద 10 దాకా. ఒక రోజు పని ముగించాక మళ్లీ మొదలుపెట్టేలోపు 11 గంటల విరామం. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకి ఏటా కనీసం 20 రోజుల సెలవు, చాలా కంపెనీలు 25 నుంచి 30 ఇస్తాయి. జబ్బు మూడు రోజులు దాటితే డాక్టరు ధ్రువీకరణ కావాలి, కంపెనీ అంతకన్నా ముందే అడగొచ్చు. ఆరు వారాల దాకా జీతం యజమానే ఇస్తాడు. సెలవులో ఉన్నవాళ్లకి ఫోన్ చేయడం, శనివారం రాత్రి మెసేజ్ పెట్టి ఆదివారం జవాబు ఆశించడం అక్కడ చెల్లవు. పని పట్ల శ్రద్ధ అనుకుని ఇలా చేసే మనవాళ్లని చూసి పని గంటల్లో పని ముగించలేకపోతున్నారని అనుకుంటారు.

రాజీనామా గురించి ఒక్క మాట, ఇది తెలియక ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపిన రాజీనామా అక్కడ చెల్లదు. కాగితం మీద, స్వహస్తంతో సంతకం పెట్టి ఇవ్వాలి. మామూలు నోటీసు నాలుగు వారాలు, అదీ నెల 15వ తేదీకో ఆఖరికో ముగిసేలా. ప్రొబేషన్‌లో రెండు వారాలు. కాంట్రాక్టులో ఇంతకన్నా ఎక్కువ రాసుకుని ఉండొచ్చు, చదువుకోండి. పుట్టినరోజు నాడు కేకు తెచ్చేది పుట్టినరోజు జరుపుకునే మనిషే, సహోద్యోగులు కాదు.

అమెరికా

పై అధికారిని పేరు పెట్టి పిలుస్తారు, నవ్వుతూ మాట్లాడతారు, ఇట్టే కలిసిపోతారు. ఆ చనువు చూసి ఉద్యోగం పదిలమనుకోకూడదు. మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటిలో యజమాని కారణం చెప్పకుండా ఎప్పుడైనా తీసేయొచ్చు, మీరూ ఎప్పుడైనా మానేయొచ్చు. వేతనంతో కూడిన సెలవు ఇంత ఇవ్వాలని ఫెడరల్ (కేంద్ర) చట్టం చెప్పదు, చాలావరకు కంపెనీ దయ. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల్లో మరో యజమానినో మరో దారినో చూసుకోవాలి. ఇంటి అప్పు, పిల్లల చదువు ఉన్నవాళ్లు ఈ 60 రోజుల లెక్క జీతం లెక్క పక్కనే రాసుకోవాలి.

విమర్శ ఇక్కడ పంచదార పూసి వస్తుంది. "చాలా బాగా చేశారు, వీలైతే ఈ రెండు చోట్లా ఓసారి చూడండి" అంటే ఆ రెండూ ఈ వారంలో మారాలని. మొదటి సగం విని సంతోషపడిపోయి రెండో సగం వదిలేయడం వల్లే మంచి పనివాళ్లు కూడా ఏడాది చివరి సమీక్షలో కంగుతింటారు. మీటింగ్‌లో గంట సేపు నోరు విప్పకపోతే వినయం అనుకోరు, చెప్పడానికి ఏమీ లేదనుకుంటారు. చేసిన పని ఎప్పటికప్పుడు అంకెలతో రాసిపెట్టుకోండి. సమీక్ష రోజున మీ గురించి మీరే చెప్పుకోవాలి, అక్కడ అది గొప్పలు పోవడం కాదు. చొరవగా మాట్లాడే యువతీయువకులకి ఇంత తొందరగా పెరిగే అవకాశం మరెక్కడా లేదు, అది ఒప్పుకోవాలి.

పెళ్లయిందా, వయసెంత, ఏ మతం, జీతమెంత అని సహోద్యోగులని అడగొద్దు.

గల్ఫ్

ఇక్కడ దేశం కన్నా కంపెనీ ఎవరిదన్నది ముఖ్యం. దుబాయ్ ఆఫీసులో మీ పైన మలయాళీ ఉండొచ్చు, ఈజిప్టు మనిషి ఉండొచ్చు, బ్రిటిష్ మేనేజరు ఉండొచ్చు. అడిగి తెలుసుకోండి. నిర్ణయం మాత్రం యజమాని దగ్గరే ఆగుతుంది. వారం రోజుల మెయిళ్లతో కానిది ఒక్కసారి వెళ్లి కూర్చుంటే అవుతుంది. కాఫీ ఇస్తే కుడిచేత్తో అందుకుని ఒక్క కప్పయినా తాగండి, చాలనుకుంటే కప్పుని కొంచెం అటూ ఇటూ ఆడించి ఇవ్వండి. మహిళా అధికారి తనే చేయి చాపితే తప్ప కరచాలనానికి మీరు చేయి చాపొద్దు. రంజాన్‌లో పగటి పూట ఉపవాసం ఉన్నవాళ్ల ముందు తినొద్దు. యూఏఈలో ఆ నెల రోజుకి రెండు గంటల పని తగ్గిస్తారు.

మర్యాదల కన్నా కాంట్రాక్టు కాగితమే ఇక్కడ మనిషిని నిలబెడుతుంది, ముంచుతుంది కూడా. యూఏఈ చట్టం ప్రకారం వారానికి 48 గంటలు, ఏడాది నిండాక 30 రోజుల సెలవు, ప్రొబేషన్ ఆరు నెలలకి మించకూడదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. పనిలోకి తీసుకునే ఖర్చు, వీసా ఖర్చు యజమానివే.

చాలామంది చూసుకోనిది బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం. ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదే లెక్కకడతారు. మొత్తం 2,500 దిర్హాములు ఇస్తామన్న రెండు ఆఫర్లు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో బేసిక్ 1,500, రెండోదాంట్లో 2,000. మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ కాబట్టి మొదటిదానికి ఏడాదికి 1,050, రెండోదానికి 1,400. ఐదేళ్లకి 5,250కీ 7,000కీ తేడా. ఓవర్‌టైమ్ గంటకి బేసిక్ రేటు మీద 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్యైతే 50 శాతం, అక్కడా ఇదే తేడా. నెల చివర చేతికొచ్చేది ఒకటే కదా అని సంతకం పెట్టేయొద్దు.

ఏజెంటు పేరు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. సర్వీసు ఛార్జి కింద గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మాత్రమే తీసుకోవచ్చు, రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాసవ్వని వాళ్లు యూఏఈ, సౌదీ సహా 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి వెళ్లేందుకు ప్రభుత్వ అనుమతి) సాధారణంగా తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తామంటే ఆ ఏజెంటుతో మాట అక్కడితో ఆపేయండి.

సింగపూర్ గురించి కూడా అడుగుతుంటారు. ఆఫీసు భాష ఇంగ్లిష్, తెలుగువాళ్లు బాగానే ఉంటారు, పద్ధతి జపాన్‌కీ అమెరికాకీ మధ్యస్థం. చట్టపరమైన సెలవు మొదటి ఏడాది 7 రోజులే, ఏటా ఒకటి పెరిగి 14 దాకా వెళుతుంది.

గడియారం, బయోడేటా

విశాఖలోనే ఉండి ఆ దేశాలకి పనిచేసేవాళ్లకి సగం జీవితం గడియారమే. టోక్యో మనకన్నా మూడున్నర గంటలు ముందు. వాళ్ల 9 గంటలు మనకి తెల్లవారి 5:30, వాళ్ల సాయంత్రం 6 మనకి మధ్యాహ్నం 2:30. మీరు తొమ్మిదిన్నరకి సీట్లో కూర్చునేసరికి వాళ్ల భోజనాలు కూడా అయిపోయి ఉంటాయి, అందుకే ఏడు గంటలకి కాల్ అడుగుతారు. బెర్లిన్ 9 గంటలు ఎండాకాలంలో మనకి 12:30, చలికాలంలో 1:30. న్యూయార్క్ 9 గంటలు మనకి సాయంత్రం 6:30 లేదా 7:30, కాలిఫోర్నియా అయితే రాత్రి 9:30 లేదా 10:30. దుబాయ్ గంటన్నర, రియాద్ రెండున్నర గంటలు వెనక. అమెరికా మార్చి రెండో ఆదివారం, యూరప్ మార్చి ఆఖరి ఆదివారం గడియారం మారుస్తాయి. ఆ మధ్యలో రెండు దేశాలతో కలిపి పెట్టుకున్న కాల్స్ అన్నీ తప్పుతాయి. నవంబరు మొదటి ఆదివారం ముందు వారం కూడా అంతే. సౌదీకి సెలవు శుక్ర, శనివారాలు, మన ఆదివారం వాళ్లకి పని దినం. యూఏఈ ప్రభుత్వ కార్యాలయాలు 2022 జనవరి నుంచి శని, ఆదివారాల సెలవుకి మారాయి.

బయోడేటా నాలుగు చోట్లకీ ఒకటే పంపితే నాలుగు చోట్లా తేలిపోతుంది. అమెరికాకి ఫోటో, పుట్టిన తేదీ, పెళ్లి వివరం ఉండకూడదు. జర్మనీలో ఫోటో ఇప్పటికీ చాలామంది పెడతారు. మధ్యలో ఖాళీగా ఉన్న నెలలుంటే దాచకుండా రాయాలి. జపాన్ సొంత ఫారంలో 3 × 4 సెంటీమీటర్ల ఫోటో అడుగుతారు. గల్ఫ్‌కి దేశం, వీసా స్థితి, ఎప్పుడు చేరగలరన్నది మొదటి పేజీలోనే కనబడాలి. తండ్రి పేరు, కులం, మతం ఎక్కడికీ అక్కర్లేదు.

ఎవరికి ఏది

ఇంట్లో చిన్నపిల్లలో, మందులు వేళకి ఇవ్వాల్సిన పెద్దవాళ్లో ఉంటే విశాఖ నుంచి పనికి జర్మనీ క్లయింటే మొదటి ఎంపిక. మధ్యాహ్నం మొదలై రాత్రి ముగుస్తుంది, సెలవు రోజు సెలవే. తెల్లవారి లేవగలిగితే జపాన్ టీమ్‌లో సాయంత్రాలన్నీ మీవే, మూడేళ్లు నిలబడితే పని రాతలో పెట్టే శ్రద్ధ జీవితాంతం ఉంటుంది. అయితే జపనీస్ నేర్చుకునే ఓపిక లేకపోతే అక్కడ మధ్యలోనే ఆగిపోతారు. మాటకారులు, తొందరగా ఎదగాలనుకునేవాళ్లు, రాత్రి షిఫ్టు ఒంటికి పడేవాళ్లు అమెరికా చూసుకోవచ్చు. నలుగురిలో మాట్లాడలేనివాళ్లు డాలరు ఒక్కటే చూసి వెళితే ప్రతి సమీక్షా గండమే. ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు ఐదేళ్లలో ఇల్లు కట్టుకోవాలనుకుంటే గల్ఫ్ ఇప్పటికీ సరైనదే, కాంట్రాక్టు మన చేతికి వచ్చాకే బయలుదేరాలి.

చేరకముందు ఆఖరి రౌండులో మూడు సంగతులు అడగండి. రోజూ రిపోర్టు చేసేది ఎవరికి, ఆ మనిషి ఏ ఊళ్లో కూర్చుంటారు? పేరుకి జర్మనీ ప్రాజెక్టయి పైన ఉన్నది హైదరాబాద్ మేనేజరైతే పైన చెప్పిన జర్మనీ హాయి సగం మీదాకా రాదు. ఏ దేశపు సెలవుల జాబితా పాటిస్తారు? ఏప్రిల్ ఆఖర్లో మొదలయ్యే జపాన్ వారం సెలవులు మనకి పనిరోజులు, సంక్రాంతి మూడు రోజులు వాళ్లకి పనిరోజులు. సింహాచలం చందనోత్సవానికి సెలవు కావాలంటే నెల ముందే క్యాలెండర్‌లో పెట్టాలి. ఇక తుపాను వస్తే ఏం చేస్తారన్నది మూడోది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అక్టోబరు, నవంబరులో వాయుగుండం హెచ్చరిక రాగానే జర్మనీ క్లయింటు రాసిపెట్టిన ప్రత్యామ్నాయ ప్రణాళిక అడుగుతాడు, జపాన్ క్లయింటు మీ టీమ్‌లో అందరూ క్షేమమేనా అని అడిగి ఆ తర్వాత ప్రణాళిక అడుగుతాడు. ఏ సర్వరు ఎక్కడుంది, ఎవరు ఏ ఊరి నుంచి పనిచేస్తారు, కరెంటు పోతే మొదటి కబురు ఎవరు ఏ నంబరుకి పంపుతారు అన్నది ఒక పేజీలో రాసి సెప్టెంబరులోనే పంపే టీమ్ అయితే అందులో నిశ్చింతగా చేరిపోవచ్చు.